అట్టముక్క మగ్గం

అమ్మ ఆ అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. పాత చెప్పుల పెట్టె మూత అది. రెండు అంచులకీ కత్తెరతో గాట్లు పెట్టి, తెల్లదారంతో పడుగు చుట్టి, లావుపాటి సూదితో ఊలు ఎక్కించి నాలుగు వేళ్ల వెడల్పున నేశాను. ఆకుపచ్చ, పసుపు, మళ్ళీ ఆకుపచ్చ. టీ కప్పు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ అందుకోసం నేయలేదు. నిజం చెప్పాలంటే ఎందుకోసమూ నేయలేదు.

"ఏందిది?" అంది అమ్మ.

"నేత."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ మగ్గం గుంటలకెల్లి మిమ్మల్ని బయటికి తెచ్చేటందుకు నా పానం పోయింది బిడ్డా. డాక్టరు సదువు సదివి అట్టముక్క మీద నేస్తున్నవా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి ఉండేదాన్ని.

అప్పటినుంచీ ఆ జవాబు కోసం వెతుకుతున్నాను.

అమ్మ పుట్టిల్లు పోచంపల్లి దగ్గర ఒక పల్లె. పద్మశాలి ఇల్లు. తాత మగ్గం గుంటలో కూర్చునేవాడు. సొసైటీలో సభ్యత్వం, షావుకారు దగ్గర లెక్క, 'నేతగాడు' అన్న పేరు, అన్నీ ఆయనవే. నూలు చుట్టడం, కండెలు పట్టడం, ఆసు పోయడం మాత్రం అమ్మమ్మవి, ఆమె కూతుళ్లవి. ఆ పనులకి పేర్లున్నాయి గానీ కూలి లేదు. చీరకి ధర కట్టేటప్పుడు అవన్నీ 'ఇంటోళ్లు చేసేది' కింద కలిసిపోయేవి.

ఆసు సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. చిటికి చీర మీద బొమ్మ నేసేటప్పుడు పుట్టదు. అంతకు ముందే, నూలుకి కట్లు కట్టి రంగులద్దేటప్పుడు పుడుతుంది. అలా కట్లు కట్టాలంటే ముందుగా పేక నూలుని అర్ధచంద్రాకారంలో ఉండే చట్రం మీద పరవాలి. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా వరసగా చాలా మేకులు. వాటి మధ్య పోగుని చేత్తో తీసుకెళ్లి తేవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అలా పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000 సార్లు. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం, తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి అని. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. ఒక కొడుకు తన తల్లి నొప్పిని నొప్పిగా చూశాడు కాబట్టి ఆ పని ఒకటుందని లోకానికి తెలిసింది. అంతకు ముందు ఎన్ని వేలమంది కూతుళ్లు అదే నొప్పిని చూశారో, చూస్తూనే తామూ ఆసు ముందు కూర్చున్నారో! ఆ యంత్రం మా అమ్మమ్మ ఇంటిదాకా రాలేదు. వచ్చి ఉన్నా అప్పటికే ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. జడ కూడా అమ్మే వేసేది.

అమ్మ పదో తరగతి ప్రైవేటుగా కట్టి, అంగన్‌వాడీ టీచరై, ఆ ఇంటినుంచి బయటపడింది. తన చేతులకి మళ్ళీ నూలు అంటనివ్వలేదు. మా ఇంట్లో ఊడిన గుండీ నేను కుట్టుకోవలసిందే.

ఇక నా సంగతి. స్త్రీల కథల్లో ఇంటిచాకిరీ మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. మొన్న ఎండాకాలం ఆ కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం, ఎక్కడైనా ఇదే కదా. ఒక్కసారిగా మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. పాప బడినుంచి వచ్చేదాకా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. అప్పుడు మొదలుపెట్టాను ఈ రెండు పనులూ. పాప స్వెట్టర్ విప్పగా వచ్చిన ఊలుతో అట్టముక్క మీద నేయడం, ఫోన్ పట్టుకుని పెరట్లో కూర్చుని వచ్చిపోయే ప్రాణుల్ని ఫోటోలు తీయడం.

పెరడు అంటే పెద్దగా ఊహించుకోకండి. అద్దె ఇంటి వెనక, బాత్‌రూం గోడకీ ప్రహరీకీ మధ్య పది అడుగుల జాగా. ఒక జామచెట్టు, ఇంటివాళ్ల కరివేపాకు చెట్టు, ఎవరూ నాటకుండానే మొలిచిన బాదం మొక్క, గిన్నెలు తోమే రాయి. రోజూ ఆ రాయి ముందు అరగంట కూర్చునేదాన్నే గానీ అక్కడికి ఎవరెవరు వస్తారో ఉద్యోగం పోయేదాకా నాకు తెలియదు. మెడదాకా ఎర్రబడి పైపు మీద బస్కీలు తీసే తొండ. అంట్ల గిన్నెలో మెతుకు రెండు చేతులా పట్టుకుని తినే ఉడుత. నిమ్మళంగా, ఇంటి ఆసామిలా నడిచొచ్చే జెముడుకాకి. ఒకసారి ముంగిస వచ్చింది. ఫోటోలో గోధుమరంగు గీత పడింది, అంతే. చిలకది ఒక్క ఫోటో కూడా లేదు, అది సగం తిని వదిలేసిన జామకాయది ఉంది.

ఫోటోలు ఎవరికీ చూపించదగ్గవి కావు. అయినా వాటిని తీసే ఆ రెండు మూడు క్షణాల్లో ఉన్న సుఖం ఎక్కడిదని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆ ఉడుతకి నాతో పనిలేదు. అది నాకోసం రాలేదు, నేను తల్లినో కూతురినో టీచరమ్మనో అని దానికి తెలియదు. దానికి అన్నం పెట్టాల్సిన పూచీ కూడా నాది కాదు, మెతుకు అదే వెతుక్కుంటుంది. ఎవరికో ఏదో అయ్యే బాధ్యత లేకుండా ఒక ప్రాణిని తేరిపార చూడటం నా రోజులో ఇంకెక్కడా దొరకదు.

కానీ 'చిన్న చిన్న ఆనందాలు' అన్న మాట వింటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఆడవాళ్లకి పెద్దవి ఇవ్వదలుచుకోనప్పుడల్లా చిన్నవి చూపించారు. ఆస్తి ఇవ్వనప్పుడు పసుపు కుంకాలు. చదువు ఆపేసినప్పుడు కుట్లూ అల్లికలూ. ఇప్పుడు జీతం ఇవ్వలేనివాళ్లు ఒత్తిడి తగ్గించుకోమని ధ్యానం క్లాసు పెడుతున్నారు. నాకు కాంట్రాక్టు లేదని తెలిసి, "పోనీలే, కాస్త రెస్టు దొరికింది, ఏదైనా హాబీ పెట్టుకో" అన్న పెద్దమనిషి ఉన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఊలుబుట్ట మంచం కిందికి తోసేశాను. వారం దాకా తీయలేదు. ఆయన చెప్పిన మందు నేను ముందే మింగుతున్నానా అన్న సిగ్గు.

సరిపెట్టుకోవడానికీ సంతోషపడటానికీ తేడా ఎక్కడుంది? చేసే పని ఒకటే కావచ్చు. అదే ఊలు, అదే పెరడు. నాకిప్పటికి తెలిసినంతలో, 'నీకిది చాలు' అని ఎదుటివాళ్లు కొలిచి ఇచ్చింది సరిపెట్టుకోవడం. దాని పక్కనే ఒక నోరుమూత ఉంటుంది, ఇది తీసుకున్నావు కాబట్టి అది అడగకు అని. సంతోషానికి అలాంటి షరతు ఉండదు. నేను ఉడుతని చూసి లేచి, చెయ్యి కడుక్కుని, కాలేజీకి రాయాల్సిన మూడో ఉత్తరం రాయగలిగితే ఫరవాలేదు. ఉత్తరం రాయడం మానేసిన రోజున ఉడుత నన్ను మోసం చేస్తున్నట్టు. ఇదేమంత గట్టి గీత కాదని నాకూ తెలుసు. కొన్ని రోజులు ఉత్తరం రాయలేదు, ఉడుతనీ చూడలేదు, గోడ చూస్తూ కూర్చున్నాను. దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

తీరిక లేనివాళ్లకి ఈ ప్రశ్నే రాదు. గ్రీకు భాషలో తీరికకి 'స్ఖొలే' అన్న మాట ఉంది. దానినుంచే స్కూలు అన్న మాట వచ్చింది. అరిస్టాటిల్ తీరికని మనిషి చేరుకోవలసిన గమ్యంగానే చెప్పాడు. ఆ తీరిక కొందరికి దొరకడానికి బానిసలూ ఆడవాళ్లూ వెనక ఇల్లు నడుపుతున్నారన్నది ఆయనకి పెద్ద చిక్కుగా కనిపించలేదు. ఇప్పటి లెక్కలు చూస్తే, 2024లో మనదేశంలో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునేది ఇందులో లేదు, అది వేరే లెక్క. అబ్బూరి ఛాయాదేవిగారి 'సుఖాంతం' కథ నేను ఎన్ని సెమినార్లలో మాట్లాడానో. బతుకంతా కంటినిండా నిద్రకి మొహం వాచిన ఆడమనిషి కథ అది. నిద్రే అందని చోట పక్షుల్ని చూడటం గురించి వ్యాసం రాయడం కొంచెం తెగింపే.

ఛాయాదేవిగారు బొమ్మలు చేసేవారు. పనికిరావని పారేసే వస్తువులతో చేసేవారు. ఆమెని ఎరిగినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. 2019లో ఆమె పోయినప్పుడు రాసిన నివాళుల్లో ఆ బొమ్మల మాట ఒక వాక్యంలో వచ్చేది, కథల మాట పేజీల్లో. నేనూ అంతే. నా థీసిస్‌లో ఆమె కథలు మూడున్నాయి, బొమ్మ ఒక్కటి లేదు. కథలో కోపం ఉంది, దాన్ని విశ్లేషించడం నాకు వచ్చు. ఆడుకుంటూ చేసిన బొమ్మని ఏం చేయాలో మా పరిశోధన పద్ధతుల్లో లేదు.

ఇక్కడ మనవాళ్లతోనే నాకో పేచీ ఉంది. నూలు ఎప్పుడూ ఉత్తినే ఉండలేదు, ఎవరో ఒకరు దానిమీద బరువు పెట్టారు. మా అమ్మమ్మ చేతిలో అది కూడు. గాంధీగారి చేతిలో దేశం. 1924 బెల్గాం కాంగ్రెసులో నెలకి 2,000 గజాల నూలు ఇస్తేనే సభ్యత్వమని తీర్మానించారు, ఏడాది తిరక్కుండానే సడలించవలసి వచ్చింది. స్త్రీవాదులం మనం వచ్చి ఇంకో బరువు పెట్టాం, ప్రతిఘటన అని. రోజికా పార్కర్ 1984లో రాసిన 'ది సబ్‌వర్సివ్ స్టిచ్' నాకు ఇష్టమైన పుస్తకం. కుట్టుపని ఆడపిల్లల్ని అణకువలో పెట్టే శిక్షణగా ఎలా మారిందో, అదే సూదితో వాళ్లు ఎలా ఎదురు తిరిగారో ఆమె చూపించింది. మన చూపు మార్చిన పని అది. కానీ ఆ తర్వాత మాకందరికీ ఒక అలవాటు పట్టుకుంది. ఒక ఆడమనిషి తనకోసం ఏదైనా చేసుకుంటే దాంట్లో ధిక్కారం వెతికి తీస్తేగానీ మనసొప్పదు. ధిక్కారం కనిపిస్తే ఆ సంతోషానికి అనుమతి. కనిపించకపోతే కాలక్షేపం, ఇంకా చెప్పాలంటే మధ్యతరగతి కాలక్షేపం. ఇంట్లో అత్తగారు అడిగే 'ఇది దేనికి పనికొస్తుంది?' అన్న ప్రశ్ననే మనం సిద్ధాంతపు భాషలో అడుగుతున్నామా?

నా అట్టముక్క నేతలో ప్రతిఘటన లేదు. వెతికాను, లేదు. ఉన్నదల్లా ఒక తంటా. మొదట్లో ఎంత జాగ్రత్తగా నేసినా నడుమ సన్నబడిపోయేది. పైన నాలుగంగుళాలు, మధ్యకి వచ్చేసరికి మూడు. వరసవరసకీ ఊలుని బిగించి లాగుతున్నానని తర్వాత తెలిసింది. లాగకూడదు. విల్లులా వంపుగా వదులుగా వేసి, అప్పుడు దువ్వెనతో కిందికి కొట్టాలి. పడుగు పోగుల మీదుగా కిందుగా వెళ్లడానికి ఊలుకి కొంచెం అదనపు పొడుగు కావాలి కదా, ఆ వంపులో అది దొరుకుతుంది. ఇది అర్థమైన రోజు నాకు కలిగిన సంతోషం డాక్టరేటు వైవా అయిన రోజు కలగలేదు. అప్పుడు హమ్మయ్య అనిపించింది, అంతే.

జూన్‌లో తొలకరి పడ్డాక బాదం మొక్క దగ్గర ఒక పిట్ట తచ్చాడటం మొదలుపెట్టింది. పిడికెడంత కూడా ఉండదు, తోక మాత్రం నిక్కబొడుచుకుని ఉంటుంది, గొంతు దాని ఒంటికి పదింతలు. దర్జీపిట్ట. ఆకు అంచున ముక్కుతో సన్నటి చిల్లు పెట్టి, పత్తిపోగో సాలెగూటి పోగో అందులోంచి దూర్చి ఇవతలికి లాగుతుంది. బయట పోగు చివర విచ్చుకుని ముడిలా ఆగిపోతుంది. ఆ చిల్లులు ఎంత సన్నమంటే ఆకు వాడిపోదు, పచ్చగానే ఉంటుంది. కుట్టేది ఎక్కువగా ఆడపిట్టే. ఊరెళ్లినప్పుడు ఈతచెట్టుకి వేలాడే గిజిగాడి గూళ్లు చూపించి, వీటిని నేసేది మగపిట్ట, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే ఉంటుంది, లేకపోతే మగది ఇంకోటి మొదలుపెడుతుంది అని పాపకి చెప్పాను. "నాన్నే కడతాడా! అమ్మ వచ్చి బాలేదు పో అంటుందా!" అని ఒకటే నవ్వు. నాకూ ఆ క్షణంలో గిజిగాడిని మన పక్షాన సాక్షిగా నిలబెట్టాలనిపించింది. కానీ దర్జీపిట్ట ఉంది కదా ఎదుటి పక్షం వాళ్లకి. పిట్టల్ని వాదనల్లోకి లాగకపోవడమే మంచిది.

దానికి సాయం చేద్దామని కత్తిరించగా మిగిలిన ఊలు ముక్కలు కొమ్మకి వేలాడదీశాను. అలా చేయకూడదట. పొడుగు పోగులు గూట్లో పిల్లల కాళ్లకి చుట్టుకుని కోసుకుపోతాయని తర్వాత చదివి గబగబా తీసేశాను. నా ఊలుని అది ముట్టుకోనైనా లేదు.

గూడు పూర్తయ్యాక ఒక రోజు, అది లేని సమయం చూసి, ఒక ఆకుని వేలితో పక్కకి జరిపి ఫోటో తీశాను. మూడు గుడ్లు. లేతనీలం మీద ఎర్రటి చుక్కలు. నేను తీసిన ఫోటోలన్నిట్లోకీ స్పష్టంగా వచ్చింది అదొక్కటే. మర్నాడు పొద్దున్నకి గూడు ఒకవైపుకి ఒరిగి ఉంది, గుడ్లు లేవు. రాయి మీద చిన్న పెంకు ముక్క. గోడ మీద జెముడుకాకి, ఎప్పటిలాగే నిమ్మళంగా.

నేను ఆకు జరపడం వల్లేనా? జెముడుకాకి గూళ్లు దోచుకోవడం కొత్తేం కాదు, నేను లేకపోయినా జరిగి ఉండొచ్చు. ప్రకృతి ఫోటోల పోటీల్లో చాలావాటిలో గూళ్ల ఫోటోలు తీసుకోరన్న సంగతి కూడా నాకు తెలుసు. తెలిసే జరిపాను, ఒక్క ఫోటోకే కదా అని. దాన్ని చూడటం చాలదనిపించి, నాతో తెచ్చుకోవాలనిపించింది చూశారా, అక్కడే నా ఆనందం తీరు మారిపోయింది.

ఆ రోజంతా నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మగ్గాలు చూడటానికని పట్నంనుంచి కొందరు వచ్చారు. అమ్మమ్మ ఆసు ముందు కూర్చుని ఉంది. ఒకాయన గుమ్మంలోంచే ఫోటో తీశాడు. ఆమె చెయ్యి ఆపితే, "ఆపకమ్మా, అట్లనే చెయ్యి" అన్నాడు. ఆమె అట్లనే చేసింది. ఆ ఫోటోని మేమెవరమూ చూడలేదు. వెలుగు గుమ్మంవైపునుంచి పడేది, చెయ్యి మసగ్గా వచ్చి ఉంటుంది. ఎవరి ఆల్బంలోనో, ఏ గ్రామీణ జీవన సౌందర్యం కిందో ఉండి ఉంటుంది. ఆయన ఆ క్షణంలో పడ్డ ఆనందం నిజమే అయి ఉండొచ్చు. నేను గూటి ముందు పడ్డది నిజం కాదా మరి? 9,000 సార్లలో ఒక్కసారిని ఆయన చూశాడు, అందంగా కనిపించింది.

అందుకే అమ్మమ్మ పని కళ అనడానికి నాకు నోరు రాదు. ఆలిస్ వాకర్ 1974 నాటి వ్యాసంలో తన తల్లి తోటలో ఒక కళాకారిణిని గుర్తుపట్టింది. ఎంత మందికి దారి చూపిన చూపు అది! కానీ వాకర్ తల్లి పొలంపని అయ్యాక పూలు పెంచింది, పత్తి ఏరడంలో కళ ఉందని వాకర్ అనలేదు. అమ్మమ్మకి ఆసు కూలిలేని చాకిరీ. ఆమె తోట ఏదైనా ఉందంటే అది ఇంటి చూరుకి వేలాడే వరికంకుల కుచ్చు. కోతలప్పుడు పొలాలున్న వాళ్లింట అడిగి తెచ్చి పిచ్చుకల కోసం కట్టేది. గింజలు రాలి చెత్తవుతుందని తాత విసుక్కునేవాడు. రోజుకి రెండుసార్లు ఊడ్చేది తనే కాబట్టి ఆయన మాట పట్టించుకునేది కాదు. ఆసు పోస్తూ తల తిప్పకుండానే, "వచ్చినయా?" అని నన్నడిగేది. వచ్చాయని చెబితే "ఎన్ని?" అనేది. అంతే. ఆమె వాటిని చూసేదే కాదు, చెయ్యి ఆగితే లెక్క తప్పుతుంది. నాచేత లెక్కపెట్టించుకునేది.

ఇదంతా అమ్మతో చెప్పాను. అమ్మ విని, "పిచ్చుకలు గుర్తున్నయి" అంది. ఊలుబుట్ట వైపు మాత్రం చూడలేదు. నేను ఊలు ఎంత మెత్తగా ఉందో చూడమన్నా చెయ్యి చాపలేదు. చాపమనడం నా తప్పే. ఆ పని నాకు ఆటగా దొరకడానికి ఆమె దాన్ని వదిలేయవలసి వచ్చింది. వదిలేసినదాన్ని నేను రంగులు మార్చి ముందుపెట్టి ఎంత బాగుందో చూడమంటే ఎలా?

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే నా ఫోన్ కనపడలేదు. అమ్మ పెరట్లో, గిన్నెల రాయి మీద కూర్చుని ఉంది. ఫోన్ రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, జామచెట్టు కేసి చూస్తోంది. నన్ను చూసి పిల్లి అడుగులతో రమ్మని సైగ చేసింది. వెళ్లేసరికి ఉడుత పోయింది. ఫోన్ తీసుకుని చూశాను. పదకొండు ఫోటోలు. తొమ్మిదింటిలో అమ్మ బొటనవేలు అడ్డం పడింది. ఒకదాంట్లో ఆకాశం. ఇంకోదాంట్లో బొటనవేలి పక్కన సగం తోక.

"పాడైనయి గదా. ఎట్ల తుడిపెయ్యాల్నో చెప్పు" అంది.

నేను చెప్పలేదు. ఆమె జరిగి రాయి మీద చోటిచ్చింది. పొయ్యి మీద పాలున్నాయని ఇద్దరికీ తెలుసు. కాసేపు కూర్చున్నాం, అది మళ్ళీ వస్తుందేమోనని.